పాత డ్రాకులాకి కొత్త డిస్క్: ఏది కొనాలి, టీవీని ఎలా సర్దుకోవాలి

డిస్క్ అట్ట మీద "రిస్టోర్డ్" అన్న ముక్క కనబడగానే కొనేయకండి. ఆ మాట ఎవరైనా వేసుకోవచ్చు. అరిగిపోయిన ప్రింటుని స్కాన్ చేసి, నాలుగు గీతలు తుడిచి అమ్మేవాళ్ళూ అదే మాట వేస్తారు. ఎక్కడెక్కడి రీళ్ళో వెతికి తెచ్చి, ఒక్కో ఫ్రేమూ శుభ్రం చేసినవాళ్ళూ అదే మాట వేస్తారు. డబ్బు తీసేముందు తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. దేన్నుంచి తయారు చేశారు, ఎవరు చేశారు, ఏ ఏడాది చేశారు, అప్పట్లో సెన్సారు వాళ్ళు కత్తిరించిన ముక్కలు ఇందులో ఉన్నాయా లేవా. డిస్క్ ఇంటికొచ్చాక టీవీ సంగతి ఇంకోటి. ఎంత మంచి డిస్క్ కొన్నా, టీవీ షోరూంలో ఉన్నప్పటి సెట్టింగులతోనే ఉంటే కొన్న డబ్బు దండగే.

ఊరికే సూత్రాలు చెబితే అర్థం కాదు కాబట్టి ఒకే సినిమా పట్టుకుని చెబుతాను. 1958లో ఇంగ్లాండుకి చెందిన హ్యామర్ కంపెనీ తీసిన డ్రాకులా. దర్శకుడు టెరెన్స్ ఫిషర్, డ్రాకులా వేషం క్రిస్టఫర్ లీ, అతన్ని వేటాడే డాక్టర్ వాన్ హెల్సింగ్ వేషం పీటర్ కుషింగ్. కూకట్‌పల్లిలో ఉండే మా తమ్ముడికి ఈ సినిమా పిచ్చి ఈ మధ్యే పట్టుకుంది. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒక చోట పెడుతున్నాను.

వెతికేటప్పుడు ముందు పేరు దగ్గరే గందరగోళం వస్తుంది. ఇంగ్లాండులో సినిమా పేరు డ్రాకులా అంతే. అమెరికాలో 1931 నాటి డ్రాకులా సినిమాతో కలిసిపోకుండా దీన్ని "హారర్ ఆఫ్ డ్రాకులా" అని విడుదల చేశారు. ఇప్పటికీ అమెరికా డిస్క్ అట్ట మీద అదే పేరు ఉంటుంది. రెండు పేర్లూ కొట్టి వెతకండి, రెండూ ఒకే సినిమా. లీ డ్రాకులాగా నటించిన సినిమాలు తర్వాత ఇంకా చాలా వచ్చాయి కాబట్టి అట్ట మీద 1958 అని ఉందో లేదో కూడా చూసుకోండి.

ఏ ముక్క ఎక్కడిది

ఇది తెలియకపోతే ఏ డిస్క్ కొనాలో తేల్చుకోలేరు, కాస్త ఓపిక పట్టండి.

1958లో ఇంగ్లాండు సెన్సారు బోర్డు ఈ సినిమాకి ఎక్స్ సర్టిఫికెట్ ఇచ్చింది, అంటే పెద్దవాళ్ళకి మాత్రమే. ఇచ్చేముందు కత్తెర కూడా వేసింది. వాళ్ళ అభ్యంతరం రక్తం ఒక్కటే కాదు. డ్రాకులా పడగ్గదిలోకి వస్తుంటే ఆడవాళ్ళు కెవ్వున అరవకుండా అతని కోసమే ఎదురుచూస్తున్నట్టు కనబడటం వాళ్ళకి ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది. చివర్లో ఎండ తగిలి డ్రాకులా శరీరం పొడిపొడిగా రాలిపోయే ఘట్టంలో కూడా కొంత పోయింది. ఇంగ్లాండులో ఆడింది ఒక రకం, బయటి దేశాలకు వెళ్ళినవి ఇంకో రకం. జపాన్‌కి వెళ్ళిన ప్రింటులో మిగతా ఎక్కడా లేని షాట్లు ఉన్నాయన్న మాట అభిమానుల మధ్య దశాబ్దాల తరబడి నలిగింది. చూశామన్నవాళ్ళున్నారు, చూపించగలిగినవాళ్ళు లేరు.

2007లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సినిమాని పునరుద్ధరించి మళ్ళీ థియేటర్లలో వేశారు. మొదటి పేర్ల దగ్గర అసలు బ్రిటిష్ టైటిల్ కార్డు తిరిగి వచ్చింది ఈ పనితోనే. జపాన్ ముక్కలు మాత్రం అప్పటికి ఇంకా దొరకలేదు.

అవి దొరికింది 2011లో, టోక్యోలోని నేషనల్ ఫిల్మ్ సెంటర్‌లో. అక్కడ 1984లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఈ సినిమా తొమ్మిది రీళ్ళలో మొదటి ఐదూ ఆ మంటల్లో పోయాయి. ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగు రీళ్ళు మిగిలాయి. అదృష్టం ఏమిటంటే, అందరూ వెతుకుతున్న షాట్లు సినిమా రెండో సగంలోవే. మొదటి రీళ్ళు మిగిలి ఇవి కాలిపోయి ఉంటే ఈ వ్యాసం రాసే పనే ఉండేది కాదు.

మా నాన్న గుడివాడలో ప్రొజెక్టర్ ఆపరేటర్. ఈ కథ చెబితే ఆయన ముందు అడిగింది, "రీళ్ళ చివర్లు ఎలా ఉన్నాయమ్మా?" అని. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ చేతులు పడేది, గీతలు పడేది, తెగితే అతికించేది అక్కడే కదా. తెగిన ప్రతిసారీ కొన్ని ఫ్రేములు పోతాయి. పునరుద్ధరించిన ఏ సినిమాలోనైనా పది నిమిషాలకోసారి కాసేపు బొమ్మ మెత్తబడినట్టో, చిన్నగా గెంతినట్టో అనిపిస్తే అది రీలు మారే చోటు అయ్యుండొచ్చు. డిస్క్ పాడైందని వెనక్కి పంపకండి.

2012లో హ్యామర్ వాళ్ళు ఆ టోక్యో రీళ్ళలోంచి పనికొచ్చే షాట్లు తీసి, శుభ్రం చేసి, 2007 నాటి పని లోపల అమర్చారు. 2013 మార్చిలో లయన్స్‌గేట్ ద్వారా ఇంగ్లాండులో బ్లూరేగా వచ్చింది అదే. అమెరికాలో 2018 డిసెంబర్‌లో వార్నర్ ఆర్కైవ్ వాళ్ళు ఇంకో బ్లూరే తెచ్చారు. దానికి ఆధారం బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పని, జపాన్ ముక్కలు అందులో లేవు.

రెండింట్లో ఏది?

ఒక్కటే కొనేవాళ్ళకి నా ఓటు 2013 బ్రిటిష్ డిస్క్‌కే. అందులో 2007 రూపం, 2012 రూపం రెండూ ఉంటాయి, మెనూలో ఎంచుకోవచ్చు. టోక్యోలో దొరికిన నాలుగు రీళ్ళనీ శుభ్రం చేయకముందు ఉన్నవి ఉన్నట్టు అదనంగా ఇచ్చారు. అసలు నాకు ఆ డిస్క్ మీద ప్రేమ దానివల్లే.

దాని రంగుల గురించి మాత్రం ముందే చెప్పాలి. 2013 డిస్క్‌లో బొమ్మ కాస్త చీకటిగా, కొన్ని చోట్ల నీలం వైపు మొగ్గి ఉంటుంది. విడుదలైనప్పుడు దీని మీద పెద్ద గొడవే జరిగింది. అమెరికా డిస్క్ దానికంటే వెచ్చగా, వెలుతురుగా ఉంటుంది. రంగులు మాత్రమే చూస్తే నేను అమెరికా డిస్క్‌నే పెట్టుకుంటాను. కానీ ఇంగ్లాండు సెన్సారు తీసేయించినది ఏమిటో కళ్ళారా చూడాలంటే బ్రిటిష్ డిస్క్ తప్ప దారి లేదు. అరవై ఏళ్ళ కింద థియేటర్లో రంగులు సరిగ్గా ఎలా కనబడ్డాయో నాకు తెలుసు అని వాదించేవాళ్ళతో వాదన పెట్టుకోకండి, తెల్లారిపోతుంది.

పాత డీవీడీ ఎక్కడో చవగ్గా దొరికిందని తెచ్చుకునేవాళ్ళు నిడివి చూసుకోండి. సినిమా నిడివి సుమారు 82 నిమిషాలు. ఇంగ్లాండు, యూరప్ డీవీడీల మీద 79 అని ఉంటే మూడు నిమిషాలు కోసేశారని కంగారు పడక్కర్లేదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, అక్కడి డీవీడీ సెకనుకి 25 ఆడిస్తుంది. నాలుగు శాతం వేగం ఎక్కువ, అంతే తేడా. గొంతులు కూడా ఆ మేరకు కాస్త సన్నబడతాయి. లీ గొంతు తెలిసినవాళ్ళకి అది వెంటనే పట్టుబడుతుంది. బ్లూరేలో ఈ తంటా లేదు, 24కి 24 ఆడుతుంది. బ్లూరే మీద కూడా 79 అని ఉంటే మాత్రం అనుమానించండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు అట్ట వెనక ఫొటో అడిగి తెప్పించుకోండి. 2012 పునరుద్ధరణ అనీ, జపాన్ రీళ్ళు అనీ అక్కడ రాసి ఉండాలి. ఆ సెట్‌లో బ్లూరేతో పాటు డీవీడీలు కూడా ఉంటాయి. అన్నీ ఉన్నాయా, లేక డీవీడీలు మాత్రమే మిగిలిన పెట్టెను అంటగడుతున్నారా అని అడగండి. ఇక్కడ ఇంగ్లాండులో ఉన్నవాళ్ళైతే చారిటీ షాపుల్లో, అంటే జనం దానంగా ఇచ్చిన పాత సామాన్లు అమ్మే కొట్లలో, ఒక కన్నేసి ఉంచండి, హ్యామర్ సినిమాలు అక్కడ తరచూ కనబడతాయి.

రీజియన్ అనే తాళం

మా వాడి ఫోన్ ఇలా వచ్చింది.

"అక్కా, డిస్క్ పెట్టాను. ఏదో మెసేజ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు."

"అట్ట వెనకాల చిన్న గుర్తు ఉంటుంది చూడు, అందులో ఏ అక్షరం ఉందిరా?"

"బి."

"ప్లేయర్ ఎక్కడ కొన్నావు?"

"ఇక్కడే, హైదరాబాద్‌లోనే."

"మరింకేం వస్తుంది?"

బ్లూరేల కోసం ప్రపంచాన్ని మూడు భాగాలు చేశారు. అమెరికా, జపాన్ ఏ. ఇంగ్లాండు, యూరప్, ఆస్ట్రేలియా బి. ఇండియా సి. బ్రిటిష్ డ్రాకులా బి తాళంతో ఉంది, ఇండియాలో కొన్న మామూలు ప్లేయర్ దాన్ని తీసుకోదు. గేమ్ కన్సోళ్ళు కూడా అంతే, ఏ దేశంలో అమ్మారో ఆ దేశపు తాళమే. డీవీడీల లెక్క వేరు: అమెరికా 1, ఇంగ్లాండు 2, ఇండియా 5. డీవీడీ ప్లేయర్లకి రిమోట్‌తో ఏవో నంబర్లు నొక్కి తాళం తీసే చిట్కాలు పనిచేసేవి. బ్లూరే ప్లేయర్లకి చాలావరకు అది కుదరదు, అన్ని రీజియన్లూ ఆడేలా మార్చి అమ్మే ప్లేయరే కొనుక్కోవాలి. కొనేటప్పుడు "మల్టీ రీజియన్" అన్న మాట డీవీడీకి మాత్రమేనా, బ్లూరేకి కూడానా అని గట్టిగా అడగండి. చాలామంది దెబ్బ తినేది సరిగ్గా ఇక్కడే.

వార్నర్ ఆర్కైవ్ డిస్కులు చాలావరకు తాళం లేకుండా వస్తాయి. అందుకని కొత్త ప్లేయర్ కొనే ఉద్దేశం లేనివాళ్ళకి, ఇండియాలో ఉన్నవాళ్ళకి, అమెరికా డిస్క్ తేలిక. అమెరికాలో మనవాళ్ళు లేని ఇల్లు ఉందా? సెలవులకి వచ్చేటప్పుడు తెమ్మని చెప్పండి. పచ్చళ్ళకి చోటున్న సూట్‌కేసులో డిస్క్‌కి చోటు లేకుండా పోదు. ఒక్కటే జాగ్రత్త, పెట్టె మీద బరువు పడితే మధ్యలో డిస్క్‌ని పట్టుకునే పళ్ళు విరుగుతాయి, అప్పుడు డిస్క్ లోపల దొర్లి గీతలు పడతాయి. బట్టల మధ్య పెట్టమనండి.

కంప్యూటర్‌లో చూడాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. డీవీడీ డ్రైవ్ రీజియన్‌ని ఐదు సార్లు మాత్రమే మార్చుకోవచ్చు. ఐదోసారి ఏది పెడితే అదే ఇక శాశ్వతం. తోచక నొక్కుతూ కూర్చోకండి.

టీవీ దగ్గర పని

ముందు పిక్చర్ మోడ్. "వివిడ్", "డైనమిక్", "స్టాండర్డ్" ఏది ఉన్నా తీసేసి, "ఫిల్మ్‌మేకర్ మోడ్" ఉంటే అది పెట్టండి, లేకపోతే "సినిమా" లేదా "మూవీ". పెట్టగానే బొమ్మ పసుపు పట్టినట్టు, డల్‌గా అనిపిస్తుంది. కంటికి అలవాటయ్యేదాకా కాసేపు ఆగండి, వెంటనే వెనక్కి మార్చేయకండి.

తర్వాత మోషన్ స్మూతింగ్. దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. ఏ పేరైనా సరే ఆపేయండి. అది 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు పుట్టించి అతికిస్తుంది. నాన్న మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు పక్కింటివాళ్ళ టీవీలో సినిమా చూసి, "ఇదేంటమ్మా, సినిమా చూస్తున్నట్టు లేదు, షూటింగ్ చూస్తున్నట్టు ఉంది" అన్నారు. కారణం ఆ సెట్టింగే. ప్లేయర్ మెనూలో "24పీ అవుట్‌పుట్" అని ఉంటే దాన్ని ఆటోలో పెట్టండి.

షార్ప్‌నెస్ సున్నాకి లేదా దాని దగ్గరికి తెండి. నాయిస్ రిడక్షన్ పూర్తిగా ఆపండి. ఇక్కడే చాలామంది నాతో పోట్లాడతారు, "మరి బొమ్మ మీద అంతా సన్నగా కదులుతోంది కదా, అది పోవద్దా?" అని. పోకూడదు. అది ఫిల్మ్ గ్రెయిన్, ఆ ఫిల్మ్ మీద పూసిన రసాయనపు రేణువులు. ముఖం మీది ముడత, కోటు నేత, రాతి గోడ గరుకుతనం అన్నీ ఆ రేణువుల్లోనే ఉన్నాయి. దాన్ని తుడిస్తే వాటినీ తుడిచినట్టే. కుషింగ్ ముఖం మైనం బొమ్మలా నున్నగా కనబడుతోందంటే ఎక్కడో నాయిస్ రిడక్షన్ ఇంకా నడుస్తోందని అర్థం. టీవీలో ఆపినా ప్లేయర్‌లో ఇంకోటి ఉంటుంది, అక్కడా వెతకండి.

బొమ్మ ఆకారం. ఈ సినిమా బ్రిటిష్ బ్లూరేలో 1.66 వెడల్పుకి 1 ఎత్తు చొప్పున ఉంటుంది. మన టీవీ 1.78. అంటే రెండు పక్కలా సన్నటి నల్ల పట్టీలు రావాలి, 1920 చుక్కల వెడల్పులో ఒక్కో పక్క అరవై పైచిలుకు. పట్టీలు కనబడకపోతే టీవీ బొమ్మని సాగదీసైనా ఉండాలి, అంచులు మింగేసైనా ఉండాలి. "జస్ట్ స్కాన్", "స్క్రీన్ ఫిట్", "ఫుల్ పిక్సెల్" ఇలాంటి పేర్లతో ఒక ఆప్షన్ ఉంటుంది, అది పెట్టండి. జూమ్ జోలికి అసలు వెళ్ళకండి.

ఇక నలుపు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఈ సినిమాకి ప్రాణం అక్కడే ఉంది. నేను ఉండేది ఇంగ్లాండులోని మెయిడెన్‌హెడ్‌లో. టేమ్స్ ఒడ్డున నడకదారి పట్టుకుని విండ్సర్ వైపు వెళ్తుంటే అవతలి ఒడ్డున డౌన్ ప్లేస్ కనబడుతుంది. అదే బ్రే స్టూడియో, ఈ సినిమా తీసింది అక్కడే. పెద్ద స్టూడియో అనుకుని చూస్తే నిరాశపడతారు, నది పక్కన ఒక పాత బంగళా, దాని చుట్టూ కట్టుకున్న షెడ్లు. అంత చిన్న చోట కోట, సమాధి, లైబ్రరీ, విందు గది అన్నీ కట్టాలి. సెట్లు వేసిన బెర్నార్డ్ రాబిన్సన్ అవే సెట్లకి తలుపులూ మెట్లూ మార్చి మళ్ళీ మళ్ళీ వాడాడు. గదుల్లో లేని లోతుని కెమెరామన్ జాక్ ఆషర్ లైట్లతో తెచ్చాడు. మూలన చీకట్లో ఒక నీలపు మరక, వెనక గోడ మీద ఊదా చాయ, స్తంభం పక్కన ఆకుపచ్చ. టీవీలో నలుపు ముద్దగా మారిందంటే ఆ చాయలన్నీ పోతాయి, మిగిలేది అట్ట గోడలే.

పరీక్ష ఇలా చేయండి. డ్రాకులా మొదటిసారి మెట్ల పైన నల్లటి నీడలా కనబడే చోట ఆపండి. అతని నల్ల దుస్తులకీ వెనక చీకటికీ మధ్య గీత తెలియాలి. తెలియకపోతే బ్రైట్‌నెస్ ఒక్కో మెట్టు పెంచండి, నలుపు బూడిద రంగులోకి తిరగకముందే ఆగండి. ఎంత మార్చినా సరిపడకపోతే ప్లేయర్‌లో, టీవీలో "హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్" లేదా "లిమిటెడ్, ఫుల్" అన్న ఆప్షన్ చూడండి, రెండు చోట్లా ఒకటే ఉండాలి. 2013 డిస్క్ సహజంగానే కాస్త చీకటి కాబట్టి దానికి ఒక మెట్టు ఎక్కువ పెట్టినా తప్పులేదు. ట్యూబ్‌లైట్ ఆపేయండి. మరీ కటిక చీకటి కళ్ళకి ఇబ్బందైతే టీవీ వెనక చిన్న బల్బు పెట్టుకోండి.

ఎరుపు పరీక్షకి మొదటి రెండు నిమిషాలు చాలు. పేర్లు పడుతుంటే రాతి గద్ద బొమ్మ, అక్కణ్ణుంచి కెమెరా సమాధి గదిలోకి వెళ్తుంది, శవపేటిక మీద డ్రాకులా పేరున్న పలక, దాని మీద టపటపా రక్తం పడుతుంది. ఆ ఎరుపు పచ్చిగా, కొట్టొచ్చినట్టు ఉండాలి. గోధుమ రంగులోకి వెళ్తే కలర్ టెంపరేచర్ మరీ వెచ్చగా ఉన్నట్టు. నియాన్ బోర్డులా మెరిస్తే ఇంకా వివిడ్ మోడ్‌లోనే ఉన్నట్టు.

శబ్దానికి పెద్ద పని లేదు. ఇది మోనో సినిమా, అంటే శబ్దమంతా ఒకే ఛానెల్‌లో ఉంటుంది. సౌండ్‌బార్‌లో సరౌండ్, త్రీడీ, హాల్ లాంటివన్నీ ఆపేసి స్టీరియోలోనో డైరెక్ట్‌లోనో వినండి. జేమ్స్ బెర్నార్డ్ సంగీతంలో ముఖ్యమైన బాణీ మూడు దెబ్బలే, డ్రా-కు-లా అని పిలుస్తున్నట్టు ఉంటుంది. సరౌండ్ పెడితే ఆ దెబ్బ నాలుగు గోడలకీ చెదిరిపోతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోవడానికి మొహమాటపడకండి, కుషింగ్ వేగంగా మాట్లాడతాడు.

చూసే వరుస

బ్రిటిష్ డిస్క్ ఉన్నవాళ్ళు ముందు 2012 రూపం చూడండి, మధ్యలో ఆపకుండా. బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాకులా నవల చదివినవాళ్ళు కథలో మార్పులకి సిద్ధంగా ఉండాలి. ఇందులో డ్రాకులా వచ్చే ఓడ లేదు, అది చేరే ఇంగ్లాండు రేవు ఊరు విట్బీ లేదు. హార్కర్ అనే యువకుడు డ్రాకులా కోటకి వచ్చేది లైబ్రరీ ఉద్యోగి వేషంలో. బడ్జెట్ చిన్నది కాబట్టి జిమ్మీ సాంగ్‌స్టర్ స్క్రిప్టులో దూరాలన్నీ దగ్గరకి లాగేశాడు, నా లెక్కలో దానివల్ల సినిమాకి మేలే జరిగింది. లీ ముందు పద్ధతైన జమీందారులా దిగి వచ్చి మర్యాదగా పలకరిస్తాడు. ఆ తర్వాత లైబ్రరీలో ఎర్రబడ్డ కళ్ళతో, నోటి నిండా రక్తంతో కనబడతాడు. ఆ రెండింటి మధ్య తేడా చూడండి. విఠలాచార్య గారి దెయ్యాలకి నవ్వుకుంటూ పెరిగిన నాకు ఈయన్ని చూసి నవ్వు రాలేదు.

తర్వాత తీరిక ఉన్నప్పుడు కొత్త ముక్కలు వెతకండి. ఇవి రెండు చోట్ల ఉన్నాయి. డ్రాకులా మీనా అనే ఆవిడ పడగ్గదిలోకి వచ్చి ముఖం మీదికి వంగే చోట ఒకటి. ఆఖర్లో ఎండ పడ్డాక తన ముఖాన్ని తనే గోళ్ళతో గీరుకుంటే చర్మం ఊడి వచ్చే షాట్ ఇంకోటి. రెండూ కలిపినా సెకన్ల లెక్కే. ఇంతోటి దానికా ఇంత హడావిడి అనిపిస్తే 2007 రూపంలో అవే రెండు చోట్లా మళ్ళీ చూడండి. మీనా ఘట్టం చప్పగా తేలిపోతుంది, చావు ఘట్టం ఒక అడుగు ఎగిరి పడ్డట్టు ఉంటుంది. అసలు భయం ఎక్కడ ఉందో సెన్సారు వాళ్ళకి బాగానే తెలుసు.

ఆ వెంటనే అదనపు విభాగంలో ఉన్న జపాన్ రీళ్ళలో అవే షాట్లు పెట్టుకోండి. రంగు ఎంత వెలిసిపోయిందో, గీతలు ఎన్ని ఉన్నాయో చూశాక, సినిమాలో ఆ షాట్లు చుట్టుపక్కల వాటికంటే కాస్త మెత్తగా ఎందుకున్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు. పునరుద్ధరణ అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి పాఠం ఏ డిస్క్‌లోనూ లేదు.

మిగతా అదనాల్లో సెన్సారు గురించిన భాగం, సాంస్కృతిక చరిత్రకారుడు క్రిస్టఫర్ ఫ్రేలింగ్ మాట్లాడేది, పునరుద్ధరణ మీద తీసినది తప్పక చూడండి. హ్యామర్ సినిమాల చరిత్ర రాసిన మార్కస్ హర్న్, జొనాథన్ రిగ్బీ వ్యాఖ్యానం రెండోసారి చూసేటప్పుడు పెట్టుకోండి. చివరి పోరాటంలో కుషింగ్ బల్ల మీదుగా పరుగెత్తి తెరలు లాగేయడం, రెండు కొవ్వొత్తి స్తంభాల్ని అడ్డంగా పట్టి శిలువ చేయడం, ఇవి ఆయన సొంత ఆలోచనలు. అది తెలిసి చూస్తే ఇంకో రుచి.

మిగతా డిస్కులకి

ఇదే పద్ధతి ఇతర హ్యామర్ సినిమాలకీ వాడుకోండి. కొన్నిచోట్ల పునరుద్ధరణ పేరుతో కొత్తవి కూడా కలుపుతారు. ఫిషర్, లీ కలిసి చేసిన 1968 నాటి "ది డెవిల్ రైడ్స్ అవుట్" 2012లో ఇంగ్లాండులో బ్లూరేగా వచ్చినప్పుడు కొన్ని ట్రిక్ షాట్లని కంప్యూటర్‌తో మార్చారు. బాగున్నాయని కొందరు, ఎవరడిగారని కొందరు. నేను రెండో గుంపు. అందుకే పాత ట్రిక్కులు అలాగే ఉన్నాయా అన్నది కూడా కొనేముందు అడిగే ప్రశ్నల్లో చేర్చుకోండి. 1957 నాటి "ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్"ని వార్నర్ ఆర్కైవ్ 2020లో తెచ్చినప్పుడు బొమ్మ ఆకారం మీద గొడవ లేకుండా 1.85, 1.66, 1.37 మూడూ ఇచ్చేశారు. డ్రాకులా తర్వాత ఏది కొనాలని మా వాడు అడిగితే అదే చెప్పాను, ముందు 1.66 పెట్టి చూడమన్నాను. ప్లేయర్ మార్చే పని కూడా లేదు.